వరి చేలో, కొబ్బరి తోటలో బదనికలు: గోదావరి డెల్టా రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

బదనికలు అంటే ఏమిటండీ? కందిరీగలేనా?

కందిరీగ జాతివే. ఇంటి చూరుకు గూడు కట్టే కందిరీగకీ వీటికీ చుట్టరికం ఉంది గానీ, వీటిలో చాలావాటిని కంటితో పోల్చుకోవడమే కష్టం. పైరుకు కట్టే ట్రైకో కార్డులనే అట్టముక్కల్లో వచ్చే ట్రైకోగ్రామా అయితే అర మిల్లీమీటరు కూడా ఉండదు. తల్లి బదనిక వేరే పురుగు గుడ్డులోనో, గొంగళిపురుగు ఒంటి మీదో, ఒంటి లోపలో గుడ్డు పెడుతుంది. దాని పిల్ల ఆ పురుగునే తిని పెరుగుతుంది. పేను తలలో ఉన్నంత మాత్రాన మనిషి చచ్చిపోడు. బదనిక అలా కాదు, చోటిచ్చిన పురుగును చంపిగానీ బయటికి రాదు.

సాలీడు, తూనీగ, అక్షింతల పురుగు కూడా రైతు వైపువే. కానీ సాలీడు ఏది దొరికితే అది తింటుంది, ఒక్కోసారి మంచి పురుగును కూడా. బదనిక మాత్రం తనకు పనికొచ్చే పురుగును వెతుక్కుంటూ వెళ్తుంది. అందుకే ఏ పురుగుకు ఏ బదనిక అన్న లెక్క ముఖ్యం.

మనల్ని, పశువుల్ని కుడతాయా? పంటను తింటాయా?

ఈ పంటల కోసం వదిలేవాటితో మనకు గానీ గొడ్లకు గానీ ఇబ్బంది లేదు. మనిషి చర్మంలోకి దిగేంత ముల్లు ట్రైకోగ్రామాకు లేనే లేదు. ఎదిగిన బదనికల తిండి పూలలోని తేనె, మొక్కల మీది తియ్యటి జిగురు. ఆకును, గింజను ముట్టవు.

కొని తెచ్చి వదిలితేనే ఉంటాయా, మా చేలో ముందే ఉన్నాయా?

ముందే ఉన్నాయి. ఈ ప్రశ్న ఇంకా ఎక్కువమంది అడగాలి.

కాండం తొలిచే పురుగు, అంటే మొగి పురుగు, వరి ఆకు కొన దగ్గర గుంపుగా గుడ్లు పెట్టి, వాటి మీద తన పొట్ట చివరి గోధుమరంగు నూగు కప్పి పోతుంది. చూడ్డానికి చిన్న ఉన్ని ముక్క అంటుకున్నట్టు ఉంటుంది. ఆ నూగు గుడ్లకు కవచం. దాన్ని దాటడానికి మన చేలలోని బదనికలు ఒక్కోటి ఒక్కో దారి పట్టాయి. టెట్రాస్టికస్ అనేదానికి గుడ్లు పెట్టే ముల్లు పొడవు. నూగు మీదే కూర్చుని లోపలికి దింపేస్తుంది. దాని పిల్లకు ఒక్క గుడ్డు సరిపోదు, పక్క గుడ్లను కూడా తినేస్తుంది. టెలినోమస్ ఇంకా గడుసుది. ఆడ రెక్కల పురుగు వాసన పట్టి, దాని పొట్ట చివరి వెంట్రుకల కుచ్చును పట్టుకుని వేలాడుతూ దానితోనే ప్రయాణం చేస్తుంది. ఆ పురుగు గుడ్డు పెట్టడం, నూగు కప్పేలోపే ఇది తన గుడ్డును అందులో పెట్టడం, రెండూ అక్కడే జరిగిపోతాయి.

ఆకుముడత పురుగు ఉన్న చేలో ఆకు మీద తెల్లగా దూది ఉండలాగా చిన్న చిన్న గూళ్ల గుంపు కనిపిస్తుంది. చాలామంది వాటిని పురుగు గుడ్లనుకుని నలిపేస్తారు. అవి కొటీసియా అనే బదనిక గూళ్లు. పక్కన ముడిచిన ఆకు విప్పి చూడండి, వడిలిపోయిన గొంగళిపురుగు ఉంటుంది. ఆకు నుంచి సన్నటి దారానికి వేలాడుతూ, తెలుపూ నలుపూ మచ్చలతో గింజంత గూడు కనిపిస్తే అది చారాప్స్. ఈ రెంటినీ నలపకండి. నారింజ రంగు ఒంటి మీద నల్ల చుక్కలతో దుబ్బుల మధ్య తిరిగే కాస్త పెద్ద కందిరీగ జాంథోపింప్లా, అదీ మనదే.

ట్రైకో కార్డు మీద అంటించినవి ఏమిటి?

బియ్యం, నూకలు నిల్వ ఉంచిన చోట జాలీలు అల్లే రెక్కల పురుగు ఒకటి ఉంటుంది, దాని పేరు కార్సిరా. ల్యాబుల్లో సజ్జ, జొన్న నూకల్లో దాన్ని పెంచి, గుడ్లు సేకరించి, అవి పిల్లలు కాకుండా అతినీలలోహిత దీపం కింద పెట్టి, జిగురుతో కార్డుకు అంటిస్తారు. తర్వాత ట్రైకోగ్రామాను వాటి మీదికి వదులుతారు. అది గుడ్డు పెట్టిన మూడు నాలుగు రోజులకు ఆ కార్సిరా గుడ్డు నల్లబడుతుంది. మొత్తం మీద ఎనిమిది నుంచి పది రోజుల్లో ఎదిగిన బదనిక గుడ్డుకు కన్నం చేసుకుని బయటికొస్తుంది. ఒక కార్డు మీద సుమారు 20,000 గుడ్లు పడతాయి.

ఈ పని చూడ్డానికి సులువుగా ఉంటుంది గానీ, కార్సిరా రెక్కల మీది పొలుసు గాలిలో లేచి పెంచేవాళ్లకు తుమ్ములు, ఆయాసం తెస్తుంది. మాస్కు లేకుండా ఆ గదుల్లో పని చేయడం మంచిది కాదు. ఊళ్లో మహిళా సంఘాలు ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే ముందు ఆలోచించాల్సింది ఇదే.

మంచి కార్డో కాదో ఎలా తెలుస్తుంది?

రంగు చూడండి. కార్డు అంతా ఒకే తీరున నల్లగా ఉండాలి. లేత పసుపు గుడ్లు ఎక్కువగా ఉంటే వాటిలో బదనిక పడలేదు. నల్లగానే ఉంది గానీ గుడ్లకు చిన్న చిన్న కన్నాలు ఉన్నాయంటే బదనికలు దారిలోనే ఎగిరిపోయాయి, మీరు మోసుకొచ్చింది ఖాళీ డొప్పలు. కార్డు వెనక బదనికలు బయటికొచ్చే తేదీ రాసి ఉంటుంది. తేదీ లేని కార్డు తీసుకోకండి. ఇంకా అనుమానంగా ఉంటే కార్డులో వేలెడు ముక్క కత్తిరించి గాజు సీసాలో వేసి మూతకు గుడ్డ కట్టండి. ఆ తేదీకి సీసా గోడ మీద నలకల్లాంటివి నడుస్తూ కనిపించాలి.

ఎకరాకు ఎన్ని కార్డులు? ఎప్పటి నుంచి?

వరిలో సాధారణంగా చెప్పే మోతాదు విడతకు హెక్టారుకు లక్ష బదనికలు, అంటే ఎకరాకు 40,000, రెండు కార్డులు. వారం పది రోజుల ఎడంతో మూడు నుంచి ఆరు విడతలు. మొగి పురుగుకు ట్రైకోగ్రామా జపానికం, ఆకుముడతకు ట్రైకోగ్రామా ఖైలోనిస్. చెరకు పీక పురుగుకు కూడా ఖైలోనిసే. కొనేటప్పుడు ‘ట్రైకో కార్డు’ అని ఊరుకోకుండా ఏ రకమో అడగండి.

ఎప్పుడన్నదానికి ఊడ్చిన ఇన్ని రోజులకు అని తేదీ చెప్పడం సుఖమే గానీ, చేను చూసి చెప్పడమే సరైనది. ఎకరాకు మూడు లింగాకర్షక బుట్టలు పెట్టుకోండి. మగ రెక్కల పురుగులు పడడం మొదలైందంటే ఆడవి గుడ్లు పెట్టే రోజులొచ్చాయని లెక్క. మొదటి విడత అప్పుడే పడాలి. ట్రైకోగ్రామా గుడ్డును మాత్రమే పట్టుకోగలదు. మొగి పురుగు గుడ్డు వారం రోజుల్లోపే పగిలిపోతుంది. పిల్ల పురుగు ఒకసారి కాండంలోకి దూరాక చేలో ఎన్ని లక్షల ట్రైకోగ్రామాలున్నా దానికి వచ్చిన నష్టమేమీ లేదు.

కార్డులు ఎలా కట్టాలి?

బదనికలు బయటికొచ్చే రోజుకు ముందు సాయంత్రం గానీ, ఆ రోజు తెల్లవారి గానీ. మిట్టమధ్యాహ్నం వద్దు. కార్డును చిన్న ముక్కలుగా కత్తిరించి చేనంతా సర్దండి. ట్రైకోగ్రామా దూరం ఎగరలేదు. ఎనిమిది, పది మీటర్లకొక ముక్క ఉండాలి. గట్టు మీంచే కట్టేసి వచ్చేస్తే గట్టు పక్క దుబ్బులకే కాపలా. ముక్కను ఆకు అడుగు వైపు స్టేప్లర్‌తో కొట్టండి, ఎండ తగలదు, వాన నేరుగా పడదు. ఊడ్చి నెల కూడా కాని చేలో ఆకు బరువు ఆపలేకపోతే పుల్ల గుచ్చి దానికి కట్టి, పైన కాగితం గ్లాసు బోర్లించండి. గుడ్లు అంటించిన పక్కను వేలితో రుద్దకండి.

చీమలు ఉన్న చోట కార్డు మిగలదు. పొద్దున్న కట్టింది సాయంత్రానికి తుడిచినట్టు అయిపోతుంది. గట్టుకు దూరంగా, నీళ్లున్న మడిలోనే కట్టడం మంచిది.

వాన పడేలా ఉంటే ఒకటి రెండు రోజులు ఆగొచ్చు. కార్డును కవరులో పెట్టి ఫ్రిజ్ అడుగున కూరగాయల అరలో ఉంచండి. పైన ఐస్ పెట్టెలో పెడితే చచ్చిపోతాయి. అల్పపీడనం అంటూ అక్టోబరులో వారం వారం వాన పడుతుంటే మాత్రం ఫ్రిజ్‌ను నమ్ముకుని విడతలకు విడతలు దాచడం పనికి రాదు, కొత్త కార్డులు తెచ్చుకోవాల్సిందే.

కార్డులు కట్టాం. అయినా తెల్లకంకులు వచ్చాయి. డబ్బు దండగే కదా?

మొగి పురుగు కాండం తొలిచేస్తే గింజ పట్టక తెల్లబడే కంకుల గురించి ఎక్కువసార్లు వినిపించే మాట ఇదే. ఊరికే అంటున్న మాటా కాదు. కార్డు కట్టినా పని జరగకపోవడానికి మామూలుగా కనిపించే కారణాలు చెబుతాను, మీ చేలో ఏది జరిగిందో చూసుకోండి.

మొవ్వులు చచ్చిపోవడం కనిపించాక కార్డు కోసం బయల్దేరేవాళ్లు చాలామంది. అప్పటికి పురుగు కాండంలో ఉంది. ఆ విడత కార్డులు ఆ పురుగును ఏమీ చేయలేవు. తర్వాతి తరం గుడ్లకు పనికొస్తాయి, అదీ విడతలు ఆపకుండా కొనసాగిస్తేనే. ఒకే ఒక్క విడత కట్టి ఫలితం చూసేవాళ్లు ఇంకొంతమంది. ఎదిగిన ట్రైకోగ్రామా బతికేది కొద్ది రోజులే. రెక్కల పురుగులు మాత్రం వారాల తరబడి వస్తూనే ఉంటాయి.

ట్రైకోగ్రామాకు తన పరిమితీ ఉంది. మొగి పురుగు గుడ్ల గుంపులో పైవరస గుడ్లను పట్టుకుంటుంది గానీ, నూగు కింద లోపలి వరసల దాకా వెళ్లలేదు. ఆకుముడత పురుగు గుడ్లు విడివిడిగా, ఏ కప్పూ లేకుండా ఉంటాయి కాబట్టి అక్కడ దాని పని సులువు. అందుకే ఆకుముడతకు కార్డుల మీద భరోసా పెట్టుకోవచ్చనీ, మొగి పురుగుకు కార్డు ఒక్కటే చాలదనీ నా అభిప్రాయం. మొగి పురుగుకు ఆకుమడి దగ్గరే పని మొదలుపెట్టాలి. ఆకు తీసి కట్టలు కట్టాక కొనలు తుంచేస్తే గుడ్ల గుంపులు చాలావరకు పోతాయి.

తుంచిన కొనలను తొక్కేయకండి, తగలబెట్టకండి. వాటిలో సగం గుడ్లలో టెలినోమస్, టెట్రాస్టికస్ ఉండొచ్చు. వెడల్పాటి పళ్లెంలో సబ్బు నీళ్లు పోసి, మధ్యలో ఇటుక మీద బుట్ట పెట్టి, ఆ కొనలను అందులో వేసి చేను గట్టున ఉంచండి. పిల్ల పురుగులు నీళ్లు దాటలేవు, బదనికలు ఎగిరి చేలోకి పోతాయి. ఖర్చు లేని పని. కూలీల తొందరలో ఎవరూ చేయరు, అది వేరే సంగతి.

దాళ్వాలో, అంటే రబీ వరిలో ఇంకో చిక్కు, ఎండ. 35 డిగ్రీలు దాటాక ట్రైకోగ్రామా చురుకు తగ్గిపోతుంది. మార్చి, ఏప్రిల్‌లో కట్టే విడతల మీద ఆశ తక్కువ పెట్టుకోండి. దాళ్వా పనంతా చల్లటి రోజుల్లోనే అయిపోవాలి.

బదనికలు వదిలాక మందు కొట్టొచ్చా?

కొట్టకుండా ఉంటేనే మంచిది. తప్పదనుకున్నా కార్డు కట్టే ముందు వారం రోజులు, కట్టాక వారం రోజులు మాత్రం కొట్టకండి. సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే రకం పురుగు మందులు బదనికలకు పూర్తిగా గిట్టవు. క్లోరాంట్రానిలిప్రోల్ లాంటివి వాటితో పోలిస్తే ట్రైకోగ్రామాకు చాలా తక్కువ హాని చేస్తాయి. వేప మందులు కూడా అంతే.

మొగి పురుగుకు మందు ఎప్పుడు తప్పదు అన్నదానికి లెక్క ఉంది. చదరపు మీటరుకు ఒక గుడ్ల గుంపు గానీ, ఒక తల్లి పురుగు గానీ, లేదా నూటికి ఐదు చచ్చిన మొవ్వులు గానీ దాటితే మందు ఆలోచించాలి. అంతకు తక్కువ ఉంటే ఆగండి. పిలకల దశలో చచ్చిన మొవ్వుకు బదులు వరి కొత్త పిలక వేస్తుంది. పొట్ట దశలో ఆ వెసులుబాటు లేదు, తెల్లకంకి అంటే పోయిన కంకే.

మెకాంగ్ డెల్టా వియత్నాంలో ఉంది, మనలాగే వరి నేల. 1990లలో అక్కడ రేడియోల్లో, కరపత్రాల్లో రైతులకు ఒకే మాట చెప్పారు: విత్తిన మొదటి 40 రోజులు ఆకు తినే పురుగులకు మందు కొట్టకండి. ఆకు కాస్త చిరిగినా పైరు కోలుకుంటుంది, దిగుబడి తగ్గదని రైతులు తమ చేలోనే చూసుకున్నారు, మందు వాడకం బాగా తగ్గింది. మన దగ్గర మాత్రం ఊడ్చిన పదిహేను, ఇరవై రోజులకే ఎరువుతో పాటు ఏదో ఒక గుళిక కలిపి చల్లేస్తున్నారు. పురుగు ఉందో లేదో చూడకుండానే. ఎకరాకు రెండు కార్డులు కొని వదలడం కన్నా, ఆ చల్లే అలవాటు మానడం వల్ల చేలో మిగిలే బదనికలే ఎక్కువ.

సుడిదోమకు కార్డు ఉందా?

లేదు. సుడిదోమ వరి తొడిమల లోపల గుడ్లు దాచుకుంటుంది. వాటిని పట్టుకునే అనాగ్రస్, ఒలిగోసైటా అనే బదనికలు చేలో సహజంగానే ఉంటాయి, మిరిడ్ నల్లులు, సాలీళ్లు తోడు. మొగి పురుగుకని పైరిత్రాయిడ్ కొట్టిన చేలో కొన్నాళ్లకు సుడిదోమ విరుచుకుపడడం వెనకున్నది ఇదే, దాన్ని తినేవన్నీ ముందే పోయాయి. కాలిబాటలు తీయడం, మధ్య మధ్య చేను ఆరగట్టడం, యూరియా తగ్గించడం సుడిదోమకు అసలు మందులు.

కొబ్బరి ఆకులు కాలినట్టు ఎండిపోతున్నాయి. నల్లతల గొంగళిపురుగు అన్నారు. దీనికి బదనిక ఉందా?

ఉంది, కోనసీమకు బాగా తెలిసిందే. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఈ బదనికలను పెంచుతోంది.

నల్లతల గొంగళిపురుగు ఆకు అడుగున పట్టు, తన పెంట కలిపి సొరంగంలా గూడు అల్లుకుని, పచ్చదనం గీకి తింటుంది. ఎండాకాలంలో ఉధృతి. చెట్టు ఎత్తు, గూడు లోపల పురుగు, మందు కొట్టడమే కష్టం. గోనియోజస్ నెఫాంటిడిస్ అనే నల్లటి చిన్న బదనిక ఆ పెంట వాసన పట్టుకుని సొరంగంలోకి దూరుతుంది. గొంగళిపురుగు తనకన్నా చాలా పెద్దది. దాన్ని కుట్టి కదలకుండా చేసి, ఒంటి మీద గుడ్లు పెడుతుంది. గుడ్లు పెట్టి పోదు, అక్కడే కాపలా ఉంటుంది. ఇంకో గోనియోజస్ ఆ పురుగును లాక్కోవడానికి వస్తే తరిమేస్తుంది. గుడ్లలోంచి పిల్లలు వచ్చి, గొంగళిపురుగును తినేసి, గూళ్లు కట్టుకునేదాకా కదలదు. పురుగుల్లో ఇలా పిల్లల్ని కనిపెట్టుకుని ఉండేవి తక్కువే.

గోనియోజస్, బ్రాకాన్ అనే ఇంకో బదనిక, రెండూ ఎదిగిన గొంగళిపురుగుల మీద పనిచేస్తాయి. కోశస్థ దశకు, అంటే ప్యూపాకు, బ్రాకీమేరియా లాంటివి వేరే ఉన్నాయి. కాబట్టి కింది మట్టలు ఒకటి రెండు కోయించి, పురుగు ఏ దశలో ఉందో చూపించి బదనికలు అడగండి. గోనియోజస్ చెట్టుకు 10 నుంచి 20, బ్రాకాన్ సుమారు 20 చొప్పున వదులుతారు. బాగా పాడైన కింది మట్టలను ముందే కోసి తగలబెట్టాలి. మీ తోట ఒక్కటే కాకుండా చుట్టుపక్కల తోటలవాళ్లు కూడా కలిసి వదిలితే పని నిలుస్తుంది.

సర్పిలాకార తెల్లదోమకు ఏ బదనిక వదలాలి?

కొని వదలాల్సిన పని దాదాపు లేదు. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో బయటపడిన ఈ తెల్లదోమ తర్వాత కడియం నర్సరీలకు, కోనసీమ కొబ్బరికి, ఆయిల్‌పామ్‌కు పాకింది. దీన్ని పట్టుకునే ఎన్‌కార్సియా గ్వాడలూపే అనే బదనికను ఎవరూ పనిగట్టుకుని తేలేదు. అంతకు ముందే వచ్చిన పాత రకం తెల్లదోమతో పాటు దేశంలోకి చేరింది, కొత్తదాన్నీ పట్టుకుంది.

ఆకు అడుగున భూతద్దం పెట్టి చూడండి. బదనిక పడిన తెల్లదోమ పిల్ల నల్లబడి ఉంటుంది. ఖాళీ డొప్ప మీద గుండ్రటి కన్నం ఉంటే అందులోంచి వెళ్లింది బదనిక. చీలిక ఉంటే తెల్లదోమే పెరిగి ఎగిరిపోయింది. నల్లవి, గుండ్రటి కన్నాలు ఎక్కువగా ఉన్న ఆకు ముక్కలు కోసి, బదనిక లేని తోటలో చెట్లకు కట్టండి.

తెల్లదోమ వదిలే జిగురు వల్ల ఆకుల మీద పట్టే మసి చూసి కంగారుపడి మందు కొడితే బదనికే ముందు పోతుంది. నీళ్లు జోరుగా కొట్టడం, మసి పెచ్చులుగా ఊడడానికి ఒక శాతం గంజి ద్రావణం, తేమ ఉన్న రోజుల్లో ఐసేరియా శిలీంధ్రం, ఇవి సరిపోతాయి. మొక్కలు కొనేటప్పుడు ఆకు అడుగు తిప్పి చూడడం మర్చిపోకండి.

కొబ్బరిలో కొమ్ము పురుగుకు, ఎర్రముక్కు పురుగుకు?

వీటికి వదిలే బదనిక లేదు. కొమ్ము పురుగుకు పెంటపోగుల్లో మెటారైజియం శిలీంధ్రం కలపండి. ఎర్రముక్కు పురుగుకు చెట్టుకు గాయం కాకుండా చూసుకోవడం, ఆకర్షక బుట్టలు.

వేరే దేశం నుంచి తెచ్చిన బదనిక తర్వాత మనకే పురుగై కూర్చోదా?

భయం న్యాయమైనదే. అందుకే బయటి బదనికను ముందు క్వారంటైన్‌లో పెట్టి, వేరే ఏ పురుగు మీద పడుతుందో పరీక్షించాకే వదులుతారు. మన దేశంలో ఈ పని చూసేది బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ. బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరు వైపు బయటపడి బొప్పాయిని, మల్బరీని ముంచేసింది. 2010లో ప్యూర్టో రికో నుంచి అసిరోఫేగస్ పపాయే అనే బదనికను తెచ్చి వదిలారు. అది నిలదొక్కుకున్నాక ఆ పిండినల్లి అదుపులోకి వచ్చింది. ఆ బదనిక తినేది దాన్నే కాబట్టి, అది తగ్గితే ఇదీ తగ్గుతుంది.

రెండెకరాల కౌలు రైతును. చుట్టూ అందరూ మందు కొడుతుంటే నేనొక్కణ్ని కార్డులు కట్టి ఏం లాభం?

పక్క చేలో కొట్టిన మందు గాలికి వస్తుంది, గట్టు వారన కొంత నష్టం తప్పదు. మధ్యలో బదనిక పని చేస్తుంది. ట్రైకోగ్రామా దూరం ఎగరకపోవడం ఇక్కడ మీకే కలిసొస్తుంది. రెక్కల పురుగులు మాత్రం పక్క చేల నుంచి వస్తూనే ఉంటాయి కాబట్టి విడతలు తప్పించకండి. ఒకే బోదె కింద ఐదారుగురు కలిసి ఒకే వారంలో ఊడ్చి, ఒకే రోజు కార్డులు కడితే ఫలితం వేరుగా ఉంటుంది. భూమి యజమాని ‘మందు కొట్టలేదేం’ అంటే చచ్చిన మొవ్వులు లెక్కపెట్టి చూపించండి.

గట్ల మీద ఏమైనా వేయాలా?

వేస్తే మంచిది. ఎదిగిన బదనికకు తేనె దొరికితే ఎక్కువ రోజులు బతుకుతుంది, ఎక్కువ గుడ్లు పెడుతుంది. నువ్వుల పువ్వు సుడిదోమ గుడ్ల బదనికలకు పనికొస్తుందని ఆసియా దేశాల్లో చేలోనే తేలింది. మన గట్ల మీద కంది ఎలాగూ వేస్తారు, మధ్యలో నాలుగు నువ్వు మొక్కలు, బంతి పెట్టండి. గట్ల మీద కలుపు మందు కొట్టి నున్నగా చేసే పద్ధతి ఈ మధ్య పెరిగింది. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది, బదనికకు మాత్రం తిండి లేని గట్టు.

కార్డులు, బదనికలు ఎక్కడ దొరుకుతాయి?

కొబ్బరికి అంబాజీపేట పరిశోధన స్థానం. వరికి మీ రైతు సేవా కేంద్రంలో, కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి, లేదా మార్టేరు వరి పరిశోధన స్థానం వాళ్లు ఎక్కడ దొరుకుతాయో చెబుతారు. ప్రైవేటు ల్యాబులూ పంపుతాయి. బదనికలు అడగ్గానే అరలోంచి తీసి ఇచ్చే సరుకు కాదు, పెంచడానికే వారం పది రోజులు పడుతుంది. కాబట్టి ఊడ్పులు మొదలైనప్పుడే ఎన్ని విడతలు, ఏ రకం అని చెప్పి ఉంచండి. బస్సులో పార్శిల్ వేయించుకుంటే ఇంజను పక్కన పెట్టొద్దని చెప్పండి, ఎండలో బస్టాండులో పడి ఉండకుండా వచ్చిన వెంటనే తెచ్చుకోండి.